పంచాంగం రాసి పోగొట్టుకున్న మెయిన్స్: మౌలానా ఆజాద్‌ను నేను తిరిగి చదివిన తీరు

గత వారం వెలువడిన గ్రూప్-1 తుది జాబితాలో నా నంబరు ఉంది. ఇది నా మూడో ప్రయత్నం. ఎలా చదివారని అడుగుతున్న తోటి అభ్యర్థులకు ముందుగా రెండో ప్రయత్నం ఎందుకు పోయిందో చెప్పడమే న్యాయం.

ప్రిలిమ్స్‌కు నేనూ అందరూ చేసేదే చేశాను. నన్ను ముంచింది మెయిన్స్‌లోని ఆధునిక భారత చరిత్ర. ఫలితం పోయాక నా పాత నమూనా జవాబులను ఒక సీనియర్‌కు చూపిస్తే, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు మౌలానా అబుల్ కలాం ఆజాద్ పాత్రపై రాసిన జవాబు అంచున ఆయన ఎర్ర సిరాతో "పంచాంగం" అని ఒక్క మాట రాశారు. 1888లో మక్కాలో జననం, 1912లో కలకత్తా నుంచి అల్ హిలాల్ పత్రిక, 1940లో రామ్‌గఢ్ కాంగ్రెస్ సమావేశానికి అధ్యక్షత, 1958లో మరణం. తేదీలన్నీ ఉన్నాయి, మనిషి లేడు. పైగా 1923 కాకినాడ కాంగ్రెస్‌కు ఆయననే అధ్యక్షుణ్ణి చేశాను. ఆజాద్ అధ్యక్షత వహించింది అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన ప్రత్యేక సమావేశానికి. డిసెంబరులో కాకినాడలో ఆ పీఠంపై ఉన్నది మౌలానా మహమ్మద్ అలీ. కాకినాడలోనే పుట్టి పెరిగిన నాకు ఆ తప్పు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత పదిహేను రోజులు ఒకే ప్రశ్న పట్టుకుని చదివాను. సాధారణంగా ఏడాదికొకరు మారే కాంగ్రెస్ అధ్యక్ష పదవిలో 1940 నుంచి 1946 వరకు ఆజాదే ఎందుకు కొనసాగారు? ఒకవైపు రెండో ప్రపంచ యుద్ధం, మరోవైపు క్విట్ ఇండియా వేళ 1942 ఆగస్టు 9 నాటి అరెస్టులు. కార్యవర్గంలో దాదాపు అందరూ అహ్మద్‌నగర్ కోటలో బందీలుగా ఉండగా కొత్త ఎన్నికకు తావెక్కడిది? ఈ కారణం అర్థమయ్యాక అధికార మార్పిడిపై బ్రిటిష్ వారితో జరిగిన క్రిప్స్ రాయబారం, సిమ్లా సమావేశం, కేబినెట్ మిషన్ చర్చలు ఒకే మనిషి కథలో మూడు ఘట్టాలయ్యాయి. తాను ముస్లింనని, భారతీయుణ్ణని, రెండింటికీ గర్విస్తున్నానని ఆయన రామ్‌గఢ్‌లో ప్రకటించిన కొద్ది రోజులకే లాహోర్‌లో ముస్లిం లీగ్, ముస్లింలకు ప్రత్యేక రాజ్యాలు కోరుతూ తన తీర్మానం చేసింది. 1945లో సిమ్లాలో, వైస్రాయ్ మండలిలోని ముస్లిం సభ్యులందరినీ లీగే ప్రతిపాదించాలని జిన్నా పట్టుబట్టినప్పుడు, ఎదుట కాంగ్రెస్ అధ్యక్షుడిగా కూర్చున్నది ఒక ముస్లిం. కాంగ్రెస్ ఆ షరతును ఎందుకు ఒప్పుకోలేకపోయిందో చెప్పడానికి ఈ ఒక్క దృశ్యం చాలు.

1943లో భార్య జులేఖా కలకత్తాలో మరణశయ్యపై ఉండగా, ప్రభుత్వానికి విన్నపం పంపుతానని జైలు అధికారి అన్నా ఆజాద్ వద్దన్నారు. ఆమె కడచూపు ఆయనకు దక్కలేదు. దీనికి మార్కులు రావు, జవాబులో రాయలేదు కూడా. కానీ చదివిన రోజు మరో పేజీ తిప్పలేకపోయాను.

విద్యామంత్రిగా ఆయన చేసిన పని, అంటే 1951 నాటి ఖరగ్‌పూర్ ఐఐటీ, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ, సాహిత్య అకాడమీ వంటివి, రెండు గంటల్లో పూర్తయ్యాయి.

ఒక్క నాయకుడికి పదిహేను రోజులా అని గదిలోని మిత్రులు నవ్వారు. వారి నోట్సు నా నోట్సుకు మూడింతలు ఉండేది. కానీ తెల్లవారుజామున ఫోను పక్కన పెట్టి కూర్చోలేనివాడికి ఎన్ని నోట్సులుండి ఏం లాభం? కొంచెం కఠినంగా ధ్వనించినా నా అభిప్రాయం ఇదే.

మూడో ప్రయత్నంలో ఆజాద్‌పై ప్రశ్న రాలేదు. దేశ విభజనకు దారితీసిన చర్చల గురించి వచ్చింది; జవాబును సిమ్లాతో మొదలుపెట్టాను.