కొలంబోలో కరెంటు కోతలు, పెసరట్టు, పిల్లలు

దిగుమతులకి డాలర్లు లేక 2022 మార్చి నెలాఖరుకి శ్రీలంకలో కరెంటు కోత రోజుకి 13 గంటలకి చేరింది. ఆ రోజుల్లో కొలంబోలో తెలుగు పిల్లలున్న ఇంటికి పాఠ్యపుస్తకాల కంటే ముఖ్యమైన కాగితం ఒకటుండేది: విద్యుత్ బోర్డు పెట్టే కోతల పట్టిక. మీ వీధి ఏ గ్రూపు అక్షరం కిందికి వస్తుందో చూసి, దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, రేపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పే పని పిల్లలకే అప్పగించాలి. దేశంలో ఏం జరుగుతోందో ఏడేళ్ల పిల్లకి అర్థం కాదు. "మధ్యాహ్నం పోయి సాయంత్రం వస్తుంది" అన్నది మాత్రం బాగా అర్థమవుతుంది. చెప్పిన వేళకే పోతే సగం భయం కూడా దాంతోనే పోతుంది.

ఆన్‌లైన్ క్లాసులకి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కోత గంటలకొద్దీ సాగితే సెల్ టవర్ల బ్యాటరీలు కూడా అయిపోతాయి, సిగ్నల్ పోతుంది. పాఠాలూ వర్క్‌షీట్లూ కరెంటున్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. ప్రింట్లు మాత్రం పొదుపుగా తీయాలి. కాగితం దొరక్క ఆ మార్చిలో కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలే వాయిదా పడ్డాయి మరి.

ఇక వంటింటి సంగతి. ఇడ్లీ దోసెల మీద బెంగ పెట్టుకుంటే ఆ ఏడు గడవదు. దిగుమతి ఆంక్షలతో మినప్పప్పు అంతకుముందు నుంచే ప్రియం. పైగా రుబ్బిన పిండి ఫ్రిజ్ లేకుండా కొలంబో ఉక్కకి ఒక్క పూటలో పులిసిపోతుంది. అక్కడ నిలిచే టిఫిను పెసరట్టే. పెసలు లంకలోనే పండుతాయి, 'ముంగ్ అట' అని అడిగితే ఇస్తారు. గ్లాసు పెసలకి రెండు చెంచాల బియ్యం, బొటనవేలంత అల్లం, రెండు పచ్చిమిరపకాయలు. ఆరు గంటలు నాననిస్తే చాలు. పులియబెట్టే పని లేదు కాబట్టి కరెంటు ఏ వేళకి వస్తే ఆ వేళకే మిక్సీలో వేసి, వెంటనే పోసుకోవచ్చు. కోత ముందుకి జరిగితే నీళ్లు మార్చి ఇంకో రెండు మూడు గంటలు ఆపొచ్చు. అది కూడా దాటితే వాసన పడతాయి. అంతదాకా రానివ్వకుండా నీళ్లు వంపేసి గుడ్డలో మూటకట్టాలి, మర్నాటికి మొలకలు. మిక్సీ తిరుగుతుండగానే కరెంటు పోయిందా, ఆ బరక పిండిని పెనం మీద చిన్నచిన్న అట్లుగా మందంగా వేయాలి. నీళ్లు పోసి పలచన చేశారో, పెనానికి అతుక్కుని ఊడిరాదు. గ్యాస్ కూడా లెక్కే. పన్నెండున్నర కిలోల బండ 2,675 లంక రూపాయల నుంచి ఏప్రిల్లో 4,860కి పోయింది, అదీ దొరికితే. అందుకే పెనం ఒకసారి కాలాక ఇంటిల్లిపాదికీ అట్లు వేసేసి దించాలి. ఒక్కొక్కరు లేచి వచ్చినప్పుడల్లా వేడివేడిగా వేసి పెట్టే మర్యాద ఆ కాలానికి పనికిరాదు.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 2న, పేరుకి శుభకృత్. ఆ సాయంత్రం ఆరింటికి దేశమంతా కర్ఫ్యూ. మర్నాడు వాట్సాప్, ఫేస్‌బుక్ కొన్ని గంటలపాటు ఆపేశారు. ఊళ్లో అమ్మమ్మ, తాతయ్య టీవీ చూసి ఫోన్ కలపబోతే కలవలేదు. ఇలాంటి రోజుల కోసం మామూలు కాల్‌కి బ్యాలెన్స్ వేసి ఉంచుకోవాలి, ఏ వేళకి చేస్తామో ముందే చెప్పుకోవాలి. పచ్చడికి వేరే వెతుకులాట అక్కర్లేదు. మామిడి పిందెలు సంతలో దొరుకుతాయి. బెల్లం బదులు జీలుగు బెల్లం, అదే సింహళంలో 'కితుల్ హకురు', వేస్తే పచ్చడి నల్లబడుతుంది, కొంచెం పొగ వాసన కూడా వస్తుంది. పిల్లలు దాన్నే ఉగాది రుచి అనుకుని పెరిగితే పెరగనివ్వండి.

భాష దగ్గర ఒక చిక్కుంది. సింహళంలో అమ్మ అమ్మే, అక్క అక్కే. 'తాత్తా' అంటే మాత్రం నాన్న, 'మల్లి' అంటే తమ్ముడు. "పక్కింటి తాత్తా రెండ్రోజులుగా పెట్రోలు లైన్లో ఉన్నాడు" అని పిల్ల ఫోన్లో చెబితే, గుంటూరులో వింటున్న తాతయ్యకి ముసలాయన ఎండలో నిలబడ్డట్టు తోస్తుంది. దిద్దాల్సింది పిల్లని కాదు, సంగతి తాతయ్యకి చెప్పాలి.

జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి ఈతకొలనులో దూకారు. ఆ వీడియో చూడని పిల్ల లేదు. అధ్యక్షుడు ఎందుకు పారిపోయాడని అడిగితే పెట్రోలు, గ్యాస్, మందులు కొనడానికి డాలర్లు లేకపోయాయని, జనానికి కోపం వచ్చిందని చెబితే చాలు. ఎవరిది తప్పో మనం తేల్చి చెబితే రేపు అదే మాట బడిలో మన పేరు మీద వినిపిస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లం. కొలంబో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో నిరసనకారులు లైబ్రరీ పెట్టారు, చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి, చూడ్డానికి జాతరలాగే ఉండేది. అయినా మే 9న అక్కడే నిరసనకారుల మీద దాడి జరిగింది. పిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మేలు.

ఏప్రిల్ నడిమికి లంకవాళ్ల కొత్త సంవత్సరం వస్తుంది. గ్యాస్ లేక ఆ ఏడు కట్టెల పొయ్యి మీదే పాలు పొంగించినవాళ్లు ఎందరో. పక్కింటి నుంచి పళ్లెంలో కొకిస్, కవుమ్ అనే పిండివంటలు, అరటిపళ్లు వస్తాయి. కవుమ్ మన అరిసెకి అక్కచెల్లెలే, కాకపోతే మధ్యలో బొడిపె ఉంటుంది. మనలాగే వాళ్లూ పళ్లెం ఖాళీగా తిరిగి పంపరు. నూనె ప్రియమైన రోజుల్లో మళ్లీ పిండివంటలే చేయాలని లేదు. నాలుగు పెసరట్లు, కాస్త అల్లం పచ్చడి పెట్టి పిల్ల చేతికిచ్చి పంపితే సరి.