అసూయను ఒంటె ఎక్కించి ఫెయిలయ్యాను: నెట్ ఇంగ్లిష్ అనుభవం

నిన్న నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చింది. మూడో అటెంప్ట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఆ ఊపులోనే ఇది రాస్తున్నాను. చదివిన ప్లాన్ మొత్తం చెప్పే ఓపిక లేదు గానీ రెండో అటెంప్ట్ సంగతి చెప్పి తీరాలి.

అప్పట్లో పదహారో శతాబ్దపు ఇంగ్లిష్ కవి స్పెన్సర్ అంటే నాకు 'పనిశీస్నేన్యామ', అంటే గుణాల మొదటి అక్షరాలు. ఆయన పెద్ద కావ్యం ఫెయిరీ క్వీన్ ఆరు పుస్తకాలకు ఆరు గుణాలు: పవిత్రత, నిగ్రహం, శీలం, స్నేహం, న్యాయం, మర్యాద. మొదటి మూడు పుస్తకాలు 1590, మిగతా మూడు 1596. బస్సులో కూడా జపించేదాన్ని. తీరా పరీక్షలో, ఆ కావ్యంలో వచ్చే క్రైస్తవుల ఏడు మహాపాపాల్లో ఏ పాపం ఏ జంతువు మీద కూర్చుందో జతపరచమన్నారు. అసూయను ఒంటె ఎక్కించాను, లోభాన్ని తోడేలు ఎక్కించాను. కటాఫ్‌కు రెండు మార్కులు తగ్గాయి. ఒక్క బిట్!

వారం రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత కసి కొద్దీ మొదటి పుస్తకం నాలుగో సర్గ, గైడ్‌లో కాదు, మూలంలోనే చదివాను. అందులో గర్వం అనే పాపమే రాణి, పేరు లూసిఫెరా. ఆమె భవనం ఇసుక దిబ్బ మీద ఉంటుంది. సున్నం లేకుండా పేర్చిన ఇటుకల మీద పల్చటి బంగారు రేకు. ఆమె బండిని లాగేవి ఆరు జంతువులు, వాటి మీద ఆరుగురు మంత్రులు, అంటే మిగతా ఆరు పాపాలు. లోభి ఒంటెకు బంగారం మోత, ఒళ్లో డబ్బు లెక్క. తోడేలు మీద అసూయ విషపు కప్పను నములుతూ ఉంటుంది. ఇంత చూశాక ఎవరైనా తారుమారు చేస్తారా? మన అరిషడ్వర్గాల పక్కన పెట్టి చూసుకున్నాను. మోహం వాళ్ల జాబితాలో లేదు, సోమరితనం, తిండిపోతుతనం మన దాంట్లో లేవు. ఆ తేడాతోనే మిగతావీ గుర్తుండిపోయాయి.

నాకు గట్టిగా తగిలింది మాత్రం అందరికన్నా ముందు గాడిద మీద వచ్చే సోమరితనం. సన్యాసి వేషం, చేతిలో ప్రార్థన పుస్తకం. ఆ పుస్తకం బాగా అరిగిపోయింది, చదివింది మాత్రం తక్కువ అంటాడు స్పెన్సర్. నా గైడ్ వంక చూసుకున్నాను. రెండేళ్లు మోసి మోసి అట్ట ఊడింది.

మూలం చదవడం టైమ్ వేస్ట్ అని హాస్టల్లో అందరూ అన్నారు. నేనేమీ మొత్తం చదవలేదు. స్పెన్సర్‌వి రెండు పుస్తకాలు, కవి జార్జ్ హెర్బర్ట్‌వి కొన్ని పద్యాలు, మిల్టన్ కావ్యం పారడైజ్ లాస్ట్‌లో ఒకటి, తొమ్మిది పుస్తకాలు. అంతే. అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌కి పాత పేపర్లు చాలు. ఇక ఫోన్ పక్క గదిలో పెట్టలేనివాళ్లు దయచేసి నన్ను టైమ్‌టేబుల్ అడగొద్దు. ఐదింటికి లేవలేనివాళ్లూ అంతే. కోపంగా మాట్లాడుతున్నానా? కోపానిది సింహం, ఆ జత నాకు అప్పుడూ వచ్చు.

ఇంతా చేస్తే ఈసారి స్పెన్సర్ మీద ఒక్క బిట్ రాలేదు. కానీ చివర్లో ఎన్నడూ చూడని పద్యం ఇచ్చి ప్రశ్నలడిగితే టెన్షన్ పడకుండా, అందులో ఎవరు ఎవరితో వాదిస్తున్నారో చూసి రాసుకుంటూ పోయాను.

పాత గైడ్ కావాలంటే చెప్పండి, ఇచ్చేస్తాను. అట్ట లేదు, లోపలి పేజీలు కొత్తగానే ఉన్నాయి.