ముగ్గురిలో ఇద్దరు వచ్చేశారు

నవంబర్ 21, 2023. మంగళవారం, సెయింట్ లూయిస్.

లాన్స్ లిన్, కైల్ గిబ్సన్. మా ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్‌కి ఈ శీతాకాలంలో ముగ్గురు పిచర్లు, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్ళు, కావాలి. తెచ్చుకున్న మొదటి ఇద్దరు వీళ్ళే. ఇద్దరికీ ముప్పై ఆరేళ్ళు. ఇద్దరివీ ఒక్క ఏడాది ఒప్పందాలే, ఒక్కొక్కరికీ కోటి డాలర్ల పైమాట. నిన్న వార్త పొక్కే వేళకి నేను కార్తీక సోమవారం ఉపవాసంలో ఉన్నాను, అంతగా పట్టించుకోలేదు. ఇవాళ పొద్దున లేచేసరికి ఇద్దరి సంగతీ ఖాయమైపోయింది. కాఫీ తాగుతూ చదువుతుంటే మనసు చివుక్కుమంది.

ఇద్దరి మీదా నాకేం కోపం లేదు. గిబ్సన్ మా మిజోరి యూనివర్సిటీలో చదువుకున్నవాడు. లిన్ అయితే 2011లో వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్, గెలిచిన జట్టులో కొత్త కుర్రాడు. నేను ఈ ఊరొచ్చింది కూడా ఆ ఏడాదే. ఆరో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్‌లో, ఇంకొక్క స్ట్రైక్ పడితే సిరీస్ చేజారిపోయే దశలో డేవిడ్ ఫ్రీజ్ కుడి వైపు గోడ దాకా బంతిని లాగి కొట్టాడు. ఆట సగమే అర్థమైనా అపార్ట్‌మెంట్లో అందరితో కలిసి నేనూ గొంతు పోయేలా అరిచాను. ఆ జట్టు మనిషి తిరిగొస్తున్నాడంటే సంతోషించాలి. కానీ పన్నెండేళ్ళ కిందటి లిన్‌ని కాదు కదా తెస్తున్నది.

పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. తెనాల్లో అప్పటికి రాత్రయింది. ఆదివారం నాటి బాధ ఆవిడకింకా తీరలేదు. నాకు మాత్రం తీరిందా? ఇక్కడ తెల్లవారుజామున రెండున్నరకి లేచి కూర్చుని చూశాను అహ్మదాబాద్ ఫైనల్. వరసగా పది మ్యాచ్‌లు గెలిచి ఆఖరిదాంట్లో ఆస్ట్రేలియాకి ఇచ్చేశాం. "మన సిరాజ్ ఎంత ఏడ్చాడే, చూళ్ళేకపోయాను" అంది అమ్మ. కాసేపు ఇద్దరం అదే మాట్లాడుకున్నాం. తర్వాత తనే అడిగింది, "మీ ఊరి జట్టుకి బౌలర్లు దొరికారా?" అని. నేనెన్నిసార్లు పిచర్లన్నా అమ్మకి వాళ్ళు బౌలర్లే. "ఇద్దరు దొరికారమ్మా, పెద్దవాళ్ళు" అన్నాను. "పెద్దవాళ్ళయితే ఏం, అనుభవం ఉంటుందిగా" అంది. నిజమే, అనుభవం ఉంటుంది. అందుకే రోజంతా ఆ మాట చుట్టూనే తిరిగాను.

ఇక్కడి గొడవ తెలియని వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. 2022లో ఇదే జట్టు 93 మ్యాచ్‌లు గెలిచి తన డివిజన్‌లో, అంటే అయిదు జట్ల గుంపులో, మొదటి స్థానంలో నిలిచింది. మా గోల్డ్‌ష్మిట్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఏడాది తిరిగేసరికి 71 గెలుపులు, 91 ఓటములు, డివిజన్‌లో అట్టడుగు. కార్డినల్స్ ఆఖరి స్థానంలో నిలవడం 1990 తర్వాత ఇదే. మే మొదటి వారానికే 10 గెలిచి 24 ఓడారు. అప్పటికే ఊళ్ళో ఎర్ర టోపీలు తగ్గిపోయాయి.

కారణం బ్యాటింగ్ కాదు, పిచింగ్. పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులు ఇచ్చుకున్నాడో చెప్పే లెక్కని ఈఆర్ఏ అంటారు. నాలుగు లోపుంటే ఫరవాలేదు, మూడు లోపుంటే బంగారం. మా పిచర్ మికోలస్ పాపం 200 ఇన్నింగ్స్ దాటి వేశాడు, ఏ రోజూ తప్పించుకోలేదు. కానీ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హిట్లు (బ్యాటర్‌ని బేస్‌కి చేర్చే దెబ్బలు) ఇచ్చిందీ అతనే, ఈఆర్ఏ 4.78. నాలుగేళ్ళకు 44 మిలియన్లిచ్చి తెచ్చుకున్న మాట్జ్ ఒక్క గెలుపూ లేకుండా ఓడి ఓడి, సీజన్ మధ్యలో బుల్‌పెన్‌కి, అంటే ఆట మధ్యలో వచ్చి వేసే పిచర్ల గుంపులోకి, వెళ్ళాడు.

దీని వెనక ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతొకటుంది. బ్యాటర్‌ని స్ట్రైకవుట్ చేయడం, అంటే బంతి తగలనివ్వకుండా అవుట్ చేయడం కన్నా బంతిని కిందికి దిగేలా వేసి నేల మీద కొట్టించడం, మిగతా పని ఫీల్డర్లకి వదిలెయ్యడం. 2021లో ఒకే ఏడాది అయిదుగురు కార్డినల్స్‌కి గోల్డ్ గ్లవ్‌లు, అంటే ఉత్తమ ఫీల్డర్ అవార్డులు, వచ్చాయి. అలాంటి ఫీల్డింగ్ ఉన్నప్పుడు ఆ పద్ధతి చెల్లుబాటైంది. ఈ ఏడాది రూలు మారింది. ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్లు) సెకండ్ బేస్‌కి అటిద్దరు ఇటిద్దరు నిలబడాల్సిందే, బ్యాటర్‌ని బట్టి అందరినీ ఒక పక్కకి నెట్టడం కుదరదు. మన ఫీల్డింగ్ కూడా మునుపటిలా లేదు. పదేళ్ళు వరసగా గోల్డ్ గ్లవ్ అందుకున్న అరెనాడో చేతిలోంచి ఈసారి అది పిట్స్‌బర్గ్ హేస్‌కి వెళ్ళింది. నేల మీద కొట్టిన బంతులు సందుల్లోంచి దొర్లిపోతుంటే పిచర్ ఏం చేస్తాడు? బ్యాటు తప్పించుకునే బంతి వేయగలిగినవాడు కావాలి. మా జట్టుకి ఇప్పుడు కావలసింది అదొక్కటే.

మధ్యాహ్నం ఆఫీసు మీటింగులు అయ్యాక ఆకులు ఊడుద్దామని బయటికి వెళ్ళాను. ఎదురింటి పెద్దాయన అప్పటికే గ్యారేజీలో రేడియో పెట్టుకుని వాళ్ళ ఆకులు సంచుల్లోకి ఎత్తుతున్నాడు. బ్రాక్, గిబ్సన్‌ల కాలం నుంచి కార్డినల్స్‌ని చూస్తున్న మనిషి. ఆ గిబ్సన్ బాబ్ గిబ్సన్, 1968లో 1.12 ఈఆర్ఏతో బ్యాటర్లని గడగడలాడించినవాడు. అందుకే ఈయనకి కొత్త గిబ్సన్ పేరు పలకడమే కష్టంగా ఉందట. అయినా నాకు సర్దిచెప్పాడు. ఈ ఏడాది అయిదో ఇన్నింగ్ దాకా నిలబడే పిచర్ లేక రోజూ బుల్‌పెన్ అంతా అరిగిపోయింది, వీళ్ళిద్దరూ కనీసం ఇన్నింగ్స్ లాగుతారు అని. బాల్టిమోర్‌లో గిబ్సన్ 192 ఇన్నింగ్స్ వేసి 15 మ్యాచ్‌లు గెలిచాడని గుర్తుచేశాడు. ఆ జట్టు 101 మ్యాచ్‌లు గెలిచిన జట్టు, గిబ్సన్ ఈఆర్ఏ 4.73. ఆ అంకెతో అతను మా జట్టులో ఉండి ఉంటే 15 గెలిచేవాడు కాదని నాకు గట్టి నమ్మకం. ఆ మాటే ఆయనతో అన్నాను. రేక్ గోడకి ఆనించి, "మూడోవాడు ఎవరో చూద్దాం" అన్నాడు.

నిజానికి అందరం ఆ మూడోవాడి కోసమే చూస్తున్నాం. ముగ్గురు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) కావాలని జట్టు వ్యవహారాల పెద్ద మోజెలియాక్ సీజన్ ముగియకముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆరన్ నోలా వస్తాడేమోనని కొందరు ఆశపడ్డారు, ఆయన ఆదివారమే ఏడేళ్ళకు 172 మిలియన్లకి ఫిలడెల్ఫియాలోనే ఉండిపోయాడు. జపాన్ నుంచి యమమోటో వస్తున్నాడు, మా నూట్‌బార్ మార్చిలో జపాన్ తరఫున అతనితో కలిసి ఆడాడు కాబట్టి మా వైపు చూస్తాడని పిల్లల ఊహ. మా పాత పిచర్ మాంట్గోమరీ కూడా ఇప్పుడు ఏ జట్టుతోనూ ఒప్పందం లేక ఖాళీగానే ఉన్నాడు.

మాంట్గోమరీ పేరు రాస్తుంటేనే ఉసూరుమంటోంది. జులై ఆఖర్లో అతన్ని టెక్సాస్‌కి ఇచ్చేశారు. అప్పటికి సీజన్ చేజారింది, ఒప్పందం ముగిసే మనిషి, బదులుగా కుర్రాళ్ళొచ్చారు. అంతవరకు తప్పు పట్టను. అక్టోబర్‌లో అతను టాంపా మీద ఏడు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశాడు, హ్యూస్టన్‌ని వాళ్ళ గడ్డ మీదే కట్టడి చేశాడు, చివరికి ఛాంపియన్ అయ్యాడు. అదే టెక్సాస్‌లో వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌ని హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) ముగించిన అడోలిస్ గార్సియా కూడా మనవాడే, 2019 డిసెంబర్‌లో డబ్బుకి అమ్మేశారు. అవతలి పక్క ఆరిజోనా పెద్ద పిచర్ జాక్ గాలెన్ మేము 2016లో డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) తెచ్చుకున్న పిల్లాడు. 2017 డిసెంబర్‌లో బ్యాటర్ ఒజూనా కోసం అతన్నీ, శాండీ అల్కాంటరానీ కలిపి మయామీకి ఇచ్చేశారు. ఒజూనా రెండేళ్ళాడి వెళ్ళిపోయాడు. అల్కాంటరా 2022లో ఓటేసిన అందరి మొదటి ఓటుతో, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. వరల్డ్ సిరీస్‌లో ఏ జట్టు వైపు చూసినా మా ఇంటి నుంచి వెళ్ళినవాళ్ళే కనిపించారు. విత్తనాలు అమ్ముకున్న రైతు బజార్లో బియ్యం కొనుక్కున్నట్టుంది మా జట్టు వ్యవహారం. ఇవాళ దిగులు లిన్ గురించో గిబ్సన్ గురించో కాదు, దీని గురించి.

పోయిన శీతాకాలం కొన్నది కూడా గుర్తుకొచ్చింది. మొలీనా రిటైరయ్యాక కబ్స్ నుంచి విల్సన్ కొంత్రేరస్‌ని అయిదేళ్ళకు ఎనభై ఏడున్నర మిలియన్లిచ్చి క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) తెచ్చారు. మే వచ్చేసరికి పిచింగ్ పాడవడానికి కారణం అతనే అన్నట్టు క్యాచింగ్ నుంచి తప్పించారు, కొద్ది రోజులకే మళ్ళీ పెట్టారు. నాకు చాలా బాధేసింది అప్పుడు. పద్దెనిమిదేళ్ళ పైన మొలీనా ఒక్కడే కూర్చున్న చోట కూర్చోబెట్టి, నెల తిరిగీ తిరక్కుండానే నలుగురిలో నిందవేయడం ఏం పద్ధతి? ఏ క్యాచర్ కూర్చున్నా నడిమధ్యన వచ్చి పడే బంతిని ఆపలేడు.

అదే కొంత్రేరస్ సెప్టెంబర్ 18న వెయిన్‌రైట్ కోసం ఏం చేశాడో చూశాను. ఆ రాత్రి మేం బుష్ స్టేడియంలోనే ఉన్నాం, మావారూ మావాడూ నేనూ, మూడో బేస్ వైపు పై అంతస్తులో. నలభై రెండేళ్ళ ఆడమ్ వెయిన్‌రైట్, ఆఖరి సీజన్, ఆ ఏడాది ఈఆర్ఏ ఏడు దాటింది. జూన్‌లో 198 గెలుపుల దగ్గర ఆగినవాడు సెప్టెంబర్ దాకా కదల్లేదు. ప్రతి అయిదు రోజులకీ వచ్చి దెబ్బలు తిని వెళ్ళేవాడు. ఆ రోజు మిల్వాకీ మీద ఏం చేశాడో ఎలా చేశాడో, ఏడు ఇన్నింగ్స్ సున్నా. వేగం లేదు. అతని కర్వ్ బాల్ చేతిలోంచి వదలగానే ఒకసారి పైకి లేచి, బ్యాటర్ నడుం తిప్పేశాక కిందకి వచ్చేది. పై నుంచి చూస్తుంటే బంతి కాసేపు గాలిలో ఆగినట్టే ఉంది. స్కోరు 1-0, ఆ ఒక్క పరుగూ కొంత్రేరస్ హోమ్ రన్. ఆఖరి అవుట్ పడగానే స్టేడియమంతా లేచి నిలబడింది. ఆఖరి స్థానంలో ఉన్న జట్టు అది! ఒక్కరూ కదల్లేదు ఇంటికి. 200వ గెలుపు అది.

అందుకే ఈ జట్టుని వదల్లేను. ఇంత ప్రేమించే ఊరికి అంత చిన్న ఆశ చూపిస్తే ఎలా?

రాత్రి చపాతీలు ఒత్తుతుంటే మావాడు ఫోన్ పట్టుకొచ్చి, "అమ్మా, ఇది చూశావా?" అంటూ లిన్ వీడియో పెట్టాడు. అక్టోబర్‌లో డాడ్జర్స్ తరఫున ఆరిజోనాతో ఆడిన మూడో మ్యాచ్. మూడో ఇన్నింగ్‌లో పెర్డోమో ఒకటి, మార్టే ఒకటి, వాకర్ ఒకటి. తర్వాత మొరేనో కొట్టింది హోమ్ రన్ అన్నారు, రీప్లే చూసి ఫౌల్ (గీత బయట పడ్డ బంతి) అన్నారు. కాసేపటికి అదే బ్యాటర్, అదే లిన్, ఈసారి తిరుగులేని హోమ్ రన్. ఒకే ఇన్నింగ్‌లో నాలుగు. పోస్ట్ సీజన్ (సీజన్ చివరి నాకౌట్ దశ) చరిత్రలో ఒక పిచర్ ఒక ఇన్నింగ్‌లో అన్ని ఇచ్చుకోవడం అదే మొదలు. సీజన్ మొత్తం మీద 44 ఇచ్చాడు, పెద్ద లీగుల్లో అందరికంటే ఎక్కువ. ఈఆర్ఏ 5.73.

"ఇంకోటి కూడా ఉంది" అని మావాడే ఇంకో వీడియో వెతికాడు. అదే ఏడాది జూన్, సియాటిల్ మీద, అప్పటికి లిన్ షికాగో వైట్ సాక్స్‌లో ఉన్నాడు. 16 మందిని స్ట్రైకవుట్ చేశాడు. ఫాస్ట్ బాల్ మీద ఫాస్ట్ బాల్, పై అంచుకి. ఎర్రబడ్డ మొహంతో, గడ్డంలోంచి చెమట కారుతుంటే బంతి తీసుకోవడం, వేయడం, తీసుకోవడం, వేయడం. మావాడు లిటిల్ లీగ్‌లో పిచింగ్ చేస్తాడు, వాడి కళ్ళు వేరే వాటి మీదుంటాయి. "చెయ్యి బాగానే ఉంది అమ్మా, బంతి ఎక్కడ వదులుతున్నాడో చూడు, నాలుగు హోమ్ రన్ల రోజు అది మధ్యలోకి జారుతోంది" అన్నాడు. పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాం. వాడు చెప్పింది నాకూ కనబడింది. పిచింగ్ కోచ్‌లకి కనబడి ఉంటే ఆ పదకొండు మిలియన్లు వృథా కాకపోవచ్చు.

అయినా నా మాట నాదే. స్టార్టర్ల వరసలో వీళ్ళిద్దరూ నాలుగో స్థానానికీ అయిదో స్థానానికీ సరిపోతారు. మొదటి స్థానానికి మనిషి లేడు. ఈ ఏడాదీ లేడు. నాకైతే మిన్నెసోటా సన్నీ గ్రే కావాలి. 2.79 ఈఆర్ఏ, సై యంగ్ ఓటింగులో రెండోవాడు, ఖాళీగా ఉన్నాడు. లేదంటే మాంట్గోమరీని వెనక్కి పిలవాలి, ఎంతైనా ఇచ్చి.

పడుకునే ముందు మావారు టికెట్ల సంగతి ఎత్తారు. ఏప్రిల్ 4న ఇక్కడ మొదటి మ్యాచ్, మయామీతో. మోచేతికి ఆపరేషన్ అయింది కాబట్టి అల్కాంటరా ఎలాగూ రాడు. "నలుగురికి తీసుకోండి, ఎదురింటి పెద్దాయన్ని కూడా పిలుద్దాం" అన్నాను.