ఒప్పందంలో లేని పని: కువైట్ ఇంట్లో కొలోస్టమీ బ్యాగు మార్చడం

రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇంటి పనివారికి ఇచ్చే ఇరవయ్యో నంబరు వీసా మీద కువైట్ ఇళ్లకు వచ్చే ఆడవాళ్లకు వంట, బట్టలు, ఇల్లు శుభ్రం చేయడం, పిల్లల్ని చూసుకోవడం, ఇదే పని అని ఏజెంటు చెబుతాడు. ఒప్పంద పత్రంలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ ఇంటి పెద్దావిడ ఆసుపత్రి నుంచి పొట్ట మీద సంచితో తిరిగి వచ్చిన రోజున, దాన్ని ఎవరు మార్చాలని ఎవరూ నోరు విప్పి అడగరు. కూతుళ్లు ఒకవైపు, కోడళ్లు ఒకవైపు తప్పుకోగా ఆ పని మన చేతికి వచ్చి చేరుతుంది. నేను పనిచేసే ఇంట్లోనూ అలాగే జరిగింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం; పెద్ద మామాకు, అంటే ఆ ఇంటి పెద్దావిడకు, పెద్దపేగు చివర క్యాన్సర్ రావడంతో ఆ భాగాన్ని తీసివేసి, మిగిలిన పేగు కొసను ఎడమవైపు పొత్తికడుపు మీదికి తెచ్చి కుట్టారు. స్టోమా అని పిలిచే ఆ ద్వారం గుండా వచ్చే మలం సంచిలో చేరుతుంది. ఈ ఏర్పాటునే కొలోస్టమీ అంటారు.

ఈ పని మీద పడబోతోందని తెలిసిన వెంటనే చేయవలసింది ఒకటి ఉంది. డిశ్చార్జికి ముందు స్టోమా నర్సు నేర్పేటప్పుడు మనల్ని కూడా గదిలో ఉండనివ్వమని ఇంటి మామాను అడగాలి. ఇక్కడి ఆసుపత్రుల్లో మలయాళీ సిస్టర్లు చాలామంది ఉంటారు కాబట్టి అరబ్బీ అంతంత మాత్రమే వచ్చినా, హిందీతో నెట్టుకురావచ్చు. మా సిస్టర్ నా చేత చేయించి మరీ నేర్పింది.

మొదటిసారి చూసినవాళ్లు స్టోమాను పుండు అనుకొని జంకుతారు. ఆరోగ్యంగా ఉన్న స్టోమా నోటి లోపలి చర్మంలాగా ఎర్రగా, తడిగా ఉంటుంది. దానికి నొప్పి తెలియజేసే నరాలు లేవు కనుక తాకితే నొప్పి ఉండదు. తుడిచేటప్పుడు పైపైన ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించినా కంగారుపడనవసరం లేదు. నొప్పి, మంట, దురద అన్నీ చుట్టూ ఉన్న మామూలు చర్మానికే, అందువల్ల ఈ పనిలో మన జాగ్రత్తంతా ఆ చర్మం మీదే ఉండాలి. చర్మం బాగుంటే బ్యాగు దానంతట అదే నిలుస్తుంది. చర్మం చెడితే ఎంత ఖరీదైన బ్యాగు తెచ్చినా గంటల్లో ఊడిపోతుంది.

మా పెద్ద మామా వాడేది రెండు భాగాల బ్యాగు. చర్మానికి అంటుకునే ప్లేటును వారానికి రెండుసార్లు మారుస్తాను. దానికి బిగించే సంచిని మూడో వంతు నిండగానే, సగం దాటకుండా ఖాళీ చేస్తాను, ఎందుకంటే బరువెక్కిన సంచి ప్లేటును కిందికి లాగుతుంది. ప్లేటు మార్చడానికి ఉదయం ఏమీ తినకముందు వేళ మంచిది, అప్పుడు పేగు నెమ్మదిగా ఉంటుంది. రంజాన్ నెలలో ఈ లెక్క తలకిందులవుతుంది. డాక్టరు అనుమతితో పెద్ద మామా ఉపవాసం ఉంటుంది. రాత్రంతా ఖర్జూరాలు, హరీస్, మచ్‌బూస్ తిన్న కడుపు తెల్లవారేసరికి ఊరుకోదు కనుక, ఆ నెలంతా సాయంత్రం ఇఫ్తారుకు గంట ముందు మారుస్తాను. చిన్నపేగుతో స్టోమా పెట్టినవారికి ఒంట్లో నీరు ఎక్కువగా పోతుంది కాబట్టి వారి ఉపవాసం సంగతి వేరు, అది డాక్టరుతో తేల్చుకోవలసిందే.

కావలసినవన్నీ చేతికి అందేలా పెట్టుకొని, చేతులు సబ్బుతో కడుక్కొని, గ్లవ్స్ వేసుకున్నాకే మొదలుపెట్టాలి. పాత ప్లేటును ఒక్కసారిగా పీకకూడదు. ఒక చేత్తో చర్మాన్ని కిందికి నొక్కి పట్టి, మరో చేత్తో పై అంచు నుంచి మెల్లగా ఒలుచుకుంటూ రావాలి. తీసిన ప్లేటును పారేసే ముందు వెనక్కి తిప్పి చూస్తాను. దాని మీద మలం ఒక పక్కకు పాకి ఉంటే, లీకు ఎటు మొదలయిందో, పొట్ట మీద ఏ మడత దగ్గర అతుకు వదులుతోందో అక్కడే తెలిసిపోతుంది.

ఆ తరువాత గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. మా ఇంటి కోడలు ప్రేమకొద్దీ సువాసన వచ్చే తడి టిష్యూల డబ్బాలు తెచ్చి పెట్టింది. వాటి జిడ్డు చర్మం మీద మిగిలి ప్లేటు పట్టు తప్పుతుందని ఆమెకు నచ్చజెప్పడానికి సిస్టరు చేత ఫోన్లో చెప్పించవలసి వచ్చింది. డెటాల్, స్పిరిటు, కొబ్బరినూనె, పౌడరు, మన ఊళ్లో ప్రతి పుండుకూ రాసే క్రీములు ఇక్కడ పనికిరావు. కడిగిన తరువాత రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి.

ప్లేటులో రంధ్రాన్ని స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా కత్తిరించాలి. ఎక్కువైతే ఆ సందులోని చర్మాన్ని మలం కాల్చేస్తుంది, తక్కువైతే అంచు స్టోమాను కోస్తుంది. ఆపరేషన్ తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు స్టోమా కుంచించుకుపోతూ ఉంటుంది కనుక, ఆ రోజుల్లో వారానికోసారి కొలవకుండా పాత కొలతతో కత్తిరించడం మంచిది కాదు. ప్లేటును కాసేపు రెండు అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరిచి, పొట్ట మడతలు పడకుండా మనిషిని కాస్త వెనక్కి వాల్చి, రంధ్రం అంచు నుంచి బయటికి ఒక నిమిషం పాటు ఒత్తి పట్టుకోవాలి. ఈ నిమిషం నాకు ఇష్టమైనది. పెద్ద మామా కళ్లు మూసుకొని ఏదో దువా చదువుకుంటుంది, అది అయ్యేసరికి ప్లేటు పట్టేస్తుంది.

బిగించిన సంచిని వేలితో ఒకసారి లాగి చూడాలి. పాత సంచిని ఖాళీ చేసి, రెండు కవర్లలో కట్టి చెత్తలో వేయాలి. టాయిలెట్లో పడేస్తే పైపులు మూసుకుపోయి, ఆ తిట్లు కూడా మనకే.

అయిదు పూటలా నమాజు చేసే మనిషికి సంచి నిండి ఉండడం పెద్ద బాధ. అందుకే వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, వెళ్లే ముందు ఖాళీ చేస్తాను. బంధువులు వచ్చి కూర్చున్నప్పుడు గాలి శబ్దం బయటపడుతుందని ఆమెకు భయం. దరాఆ అనే వదులు గౌను మీదుగా మోచేతిని స్టోమాకు మెల్లగా ఆనించి పట్టుకుంటే శబ్దం తగ్గుతుందని చూపించాక మళ్లీ నలుగురిలో కూర్చుంటోంది. ఉల్లి, వెల్లుల్లి, గుడ్లు వాసన పెంచుతాయి, పప్పుధాన్యాలు, సోడాలు గాలిని పెంచుతాయి; లబన్ అనే మజ్జిగ తాగితే కొంత మేలు. గాలి నిండిన సంచికి సూదితో పొడిచేవాళ్లను విన్నాను, ఆ పని మాత్రం ఎవరూ చేయకండి.

2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది. ఎండలో నిలిపిన కారులో బ్యాగుల పెట్టె మరిచిపోతే జిగురు చెడిపోతుంది. డ్రైవరు ఫార్మసీ నుంచి తేగానే లోపలికి తీసుకోవాలి.

మొన్న శుక్రవారం రాయచోటి అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. "అక్కా, మా ముసలామెకు కూడా ఆ సంచి పెట్టినారు. రాత్రి లీకయితే పైన టేపు ఏసినా, ఇప్పుడు మంట అని ఏడుస్తాంది" అంది. లీకయిన ప్లేటు మీద టేపు వేస్తే మలం చర్మం మీదే నిలిచిపోతుందని, అర్ధరాత్రయినా మొత్తం తీసి మార్చవలసిందేనని చెప్పాను. స్టోమా నీలంగానో నల్లగానో మారినా, లోపలి నుంచి రక్తం కారుతున్నా, పొట్ట ఉబ్బి గాలి కూడా రాక వాంతులవుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఇంట్లోవాళ్లను లేపమన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. రాత్రి లేచి సంచి మార్చిన సమయం కూడా పనిగంటే. మరుసటి ఉదయం ఆలస్యంగా లేస్తానని ముందే మాట్లాడుకోవాలి. సెలవు రోజున ఆ పని చేయడానికి ఇంట్లో మరొకరికి, వీలైతే కూతురికే, నేర్పి పెట్టాలి. నేర్పడం సులువయ్యేందుకు కొలత ప్రకారం ప్లేట్లు ముందే కత్తిరించి, పెట్టె మీది ఉత్పత్తి నంబరును ఫోన్లో ఫోటో తీసి ఉంచమన్నాను. ఆ కుటుంబం ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, విమానంలో వెళ్లేటప్పుడు కూడా ఆ కత్తిరించిన ప్లేట్లే ఉపయోగపడతాయి, అవి చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ చేసిన పెట్టె ఒక రోజు ఆలస్యమైతే అక్కడ ఆ సైజు వెతకడం ఆ అమ్మాయి వల్ల కాదు.