గిటార్‌లో గరగర

పది రోజులుగా నా ఎలక్ట్రిక్ గిటార్‌లో ఓ సన్నని గరగర. అన్ని నోట్లకూ రాదు. ఐదో తీగను ఖాళీగా మీటితే, అంటే 110 హెర్ట్జ్ దగ్గరే వస్తుంది. హనుమకొండలో చూపిస్తే "పికప్ పోయింది, మార్చాలె" అన్నారు. పికప్ అంటే తీగ వణుకును కరెంటు సిగ్నల్‌గా మార్చి ఆంప్‌కు (శబ్దం పెంచే పెట్టెకు) పంపేది. ఆంప్‌కు తగిలించకపోయినా మోత వస్తుంటే పికప్‌దేం తప్పు?

నిన్న రాత్రి ఫ్యాను ఆపేసి (వరంగల్ ఎండాకాలంలో ఇది సాహసమే), కాజీపేట వైపు రైలు చప్పుడు తగ్గేదాకా ఆగి, గిటార్‌కు చెవి ఆనించాను. అమ్మ తలుపు తీసి "ఏందిరా, దానికేమన్న జరమొచ్చిందా?" అని చూసిపోయింది.

ఒక చేత్తో తీగ మీటుతూ, ఇంకో చేత్తో బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) స్క్రూలు, పికప్ అంచు, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) అవతలి తీగలు ఒక్కోటీ నొక్కుకుంటూ పోయాను. మూడో ట్యూనర్ (తీగ బిగించే కీ) మీద వేలు పెట్టగానే గరగర ఆగింది! దాన్ని పట్టి ఉంచే నట్టు వదులైంది. నా గిటార్‌కు 10 ఎంఎం స్పానర్ సరిపోయింది, పావు చుట్టు తిప్పాను, అంతే. ఎక్కువ బిగిస్తే మర కొట్టుకుపోతుందని భయం.

కానీ ఇంకోటి మిగిలింది. తీగలన్నీ అరచేత్తో టక్కున ఆపినా వెనక ఎక్కడో గుడి గంట చివర్లా జుంయ్ అని సాగుతోంది. వెనక మూత విప్పితే ట్రెమొలో (బ్రిడ్జిని ఊపి స్వరాన్ని వణికించే ఏర్పాటు) స్ప్రింగులు. వేలితో తాకితే వణుకు తెలుస్తోంది. పాత ఫోన్ డబ్బాలోని స్పాంజి ముక్క కత్తిరించి వాటి కింద దూర్చాను. ఆ రాగమూ బంద్.

పికప్ డబ్బులు మిగిలాయి. కొత్త తీగలు కొంటున్నా.