పదిహేనేళ్ల నివాసం

గత అక్టోబరులో మాంచెస్టర్‌లో ఒక పెద్దావిడ సభలో లేచి నన్ను నిలదీశారు. "మీరు ఎంత పన్ను కడుతున్నారో, ఎన్ని గంటలు పనిచేస్తున్నారో నేను అడగడం లేదు. మీరు మంచివాళ్లే కావచ్చు. మిమ్మల్ని పిలిచే ముందు మమ్మల్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా?" గొంతు పెంచలేదు. కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, జవాబు కోసం నా వైపే చూశారు.

అది కన్సర్వేటివ్ పార్టీ మహాసభల వారం. బ్రిటన్‌లో పెద్ద పార్టీల మహాసభలు ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతాయి. పెద్ద హాల్లో నాయకుల ప్రసంగాలు సాగుతుంటే, చుట్టుపక్కల గదుల్లో, హోటళ్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా చిన్న చిన్న సభలు నడుస్తూనే ఉంటాయి. వాటిని ఫ్రింజ్ సభలంటారు. వలసల మీద పరిశోధన చేసే ఒక థింక్ ట్యాంక్ అలాంటి సభ పెడుతూ, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోముల్లో పనిచేసే మా తెలుగువాళ్ల సంఘాన్ని భాగస్వామిగా రమ్మంది. గది, ఎంపీ, పోలీసు తనిఖీ దాటడానికి పాసులు వాళ్ల బాధ్యత. పని సంగతి తెలిసిన మనిషిని పంపడం మా బాధ్యత. సంఘంలో ఎక్కువమందిమి వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లమే. నన్ను పంపారు.

సభ నడిపిన తీరు నాకు ఎంతో నచ్చింది. గంట అంటే గంట. మాట్లాడేవాళ్లకు తలా ఐదు నిమిషాలు, మిగిలిన సమయమంతా వచ్చినవాళ్ల ప్రశ్నలకే. నిర్వాహకురాలు కాగితం ఎత్తి చూపిస్తే ఎంపీ కూడా మాట మధ్యలో ఆపేశారు. శాలువాలు లేవు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు లేవు. వలసలు వద్దనేవాళ్లను కూడా వాళ్లే వెతికి పిలిచారు. "మీతో ఏకీభవించేవాళ్ల కోసమైతే ఈ సభ అక్కర్లేదు" అని నిర్వాహకురాలు నాకు ముందే చెప్పారు.

నేను చెప్పదలచుకున్నది సూటిగానే చెప్పాను. చేతులు చాలక 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచింది వాళ్ల ప్రభుత్వమే. 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు భర్తను గానీ, భార్యను గానీ, పిల్లలను గానీ తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలైలో, తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం విదేశాల నుంచి కొత్త నియామకాలే ఆపేసింది. ఈ లోపల మేము చేసిన పని ఎలాంటిదో ఒక్క ఉదాహరణ ఇచ్చాను. మా హోంలో ఒక ముసలాయన నీళ్లు కూడా సరిగా మింగలేరు. టీలో పొడి కలిపి చిక్కగా చేసి, చెంచాతో నోట్లో పోసి, గుటక దిగిందా లేదా అని గొంతు కేసి చూస్తూ తాగించాలి. తొందరపెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కప్పు టీకి అరగంట పడుతుంది. థింక్ ట్యాంక్ పరిశోధకుడు కూడా మాట కలిపాడు. వలసలు తగ్గాలనేవాళ్లలో చాలామంది, నర్సులు, కేర్ వర్కర్ల పేరు పెట్టి అడిగితే మాత్రం వాళ్లు తగ్గాలని అనరని సర్వేల సంగతి వివరించాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ లేచారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకున్నదాన్ని. ముద్ర వేసింది వాళ్ల అధికారులు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని కాదు, పిలిచిన ఇంటాయనను అడగాలి కదా! ఆ ఇంటాయన ఆ రోజు నా పక్కనే, ఎంపీ రూపంలో కూర్చుని ఉన్నారు. ఆవిడ చూపు మాత్రం నా మీదే నిలిచింది. రాత్రి డ్యూటీల్లో దీన్ని తలచుకుని ఎన్ని జవాబులు చెప్పుకున్నానో. పైగా నవంబరులో ప్రభుత్వం కొత్త ప్రతిపాదన తెచ్చింది. మాలాంటివాళ్లకు శాశ్వత నివాసం ఐదేళ్లకు కాదు, పదిహేనేళ్లకట.

జనవరిలో మేడారం జాతరకు సెలవు పెట్టుకుని వచ్చాను. ఎత్తు బంగారం మొక్కు తీర్చుకున్నాక, హనుమకొండలో తాతయ్య దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. తొంభైకి దగ్గరపడుతున్నా ఆయనకు చెవులు, జ్ఞాపకం రెండూ చక్కగా పనిచేస్తాయి.

"ఆమె అడిగింది మేమూ అడిగినం బిడ్డా" అన్నారు.

ముల్కీ అంటే స్థానికుడు. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం 1952లో వరంగల్‌లోనే మొదలైంది. బయటి ప్రాంతం వాళ్లకు టీచరు ఉద్యోగాలు, దొంగ ముల్కీ సర్టిఫికెట్లు. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అంటూ హనుమకొండ వీధుల్లో నడిచిన బడిపిల్లల్లో తాతయ్య ఒకరు. సెప్టెంబరు మొదట్లో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయని తెలిసిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదట.

"ఎన్నేళ్లుంటే ముల్కీ అనేవాళ్లు తాతయ్యా?"

"పదిహేను."

నిజాం 1919 ఫర్మానాలో ఉన్నది అదే. పదిహేనేళ్ల స్థిర నివాసం, దానితోపాటు పాత ఊరికి తిరిగి వెళ్లే ఉద్దేశం మానుకున్నానని ప్రమాణపత్రం. ఏళ్ల లెక్క ఎలాగో తట్టుకుంటాను. ఆ ప్రమాణపత్రమే గుండెల్లో గుచ్చుకుంది. రేపు బ్రిటన్ అలాంటి కాగితం నా ముందు పెడితే, సమ్మక్కకు మొక్కి వచ్చిన చేత్తో సంతకం చేయగలనా? చేయలేను.

అయినా తాతయ్యతో వాదించాను. ఇక్కడ మన పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని ఎదురుచూసిన ఉద్యోగాలు అవి. నేను చేసేది ప్రకటన మీద ప్రకటన ఇచ్చినా మనుషులు దొరకని పని. రెండూ ఒకటి కావన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "1956లో ఆంధ్రతో కలిపే ముందు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. దాన్నీ పట్టించుకోలేదు. అడగకపోవడం కంటే, అడిగినట్టు చేసి పక్కన పెట్టడం ఎక్కువ మండిస్తది" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఆవిడకైనా, నాకైనా బ్రిటన్‌లో ఓటు ఉంది. కామన్వెల్త్ పౌరులుగా అక్కడ నివసించే భారతీయులు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. మన సంఘాల్లో చాలామంది పేరే నమోదు చేయించుకోలేదు. ఈ ఏడు ఆ పని పట్టుకుంటాం.

ఇక్కడ కూడా ఒక పని ఉంది. మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది బీహార్ హమాలీలు, పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు. వాళ్ల వల్ల కూలి రేటు పెరగడం లేదనే మన హమాలీలూ ఉన్నారు. వాళ్లను ఎవరు పిలిచారు, మనవాళ్లను ఎవరు అడిగారు? గల్ఫ్ బాధ గురించి జగిత్యాలలో, సిరిసిల్లలో మనం పెట్టుకునే సభల్లో ఈ ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. బీహార్ హమాలీలనూ, మన హమాలీలనూ, మిల్లు యజమానినీ, ఎమ్మెల్యేనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, తలా ఐదు నిమిషాలిచ్చే సభ వరంగల్‌లో పెట్టాలని నా కోరిక. తిరుగు ప్రయాణానికి ముందు హమాలీ సంఘం వాళ్లను కలుస్తున్నాను. హిందీ వచ్చినవాళ్లు ఒకరిద్దరు తోడు వస్తామన్నారు.