పిడికెడు బియ్యంతో మెదక్ గుడికి

మెదక్ చర్చి నుంచి తిరిగివచ్చి నాలుగు రోజులైంది. మా ఆయన కుడికాలి వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు, నా చీర కొంగుకు అంటిన కొవ్వొత్తి మైనం కూడా అలాగే ఉంది. ఆ రెండూ పోకముందే ఈ నాలుగు మాటలు రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

నిరుడు వానాకాలంలో ఆయన నడిపే ఆటో బోల్తాపడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. తొమ్మిది నెలలు ఇంట్లోకి రూపాయి రాలేదు. మాది అల్వాల్ వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘం. రేకుల కప్పు గుడి, వారానికొక ఆరాధన. ఆ సంఘంలోని స్త్రీల మైత్రి వాళ్లు, ఎసరు పెట్టినప్పుడల్లా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేసి, నెలకొక ఆదివారం గుడికి తెస్తారు. పెళ్లయిన నాటినుంచి నేనూ వేస్తూనే ఉన్నాను గాని, అలా పోగైన సంచి చివరికి ఎవరి గడప ఎక్కుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. నిరుడు అది మా గడప ఎక్కింది. తెచ్చినవాళ్లు ఒక్క మాట అడగలేదు, తలుపు పక్కన పెట్టి, మోకరించి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. అయినా పక్కింటివాళ్లు చూస్తారేమోనని నేను దాన్ని గబగబా కొంగుతో కప్పి లోపలికి లాక్కున్నాను. కరెంటు బిల్లు ఒకరు కట్టారు, మందుల చీటీ ఒకరు పట్టుకుపోయారు. వాటికి లేని సిగ్గు ఆ బియ్యానికి ఎందుకు కలిగిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆ బియ్యాన్ని వండినవాళ్లకే దాని సంగతి తెలుస్తుంది. ముప్పై ఇళ్ల పిడికిళ్లు ఒక్క సంచిలో పడతాయి. అందులో రేషన్ దొడ్డుబియ్యం ఉంటుంది, పాత సన్నబియ్యం ఉంటుంది, ఎవరింటిదో మొన్న మర పట్టించిన కొత్త బియ్యం ఉంటుంది. ఎంత కొలిచి నీళ్లు పోసినా ఒక మెతుకు జావైపోతుంది, దాని పక్క మెతుకు పలుకుగానే మిగిలిపోతుంది. మా చిన్నవాడు కంచంలోనే మెతుకులను వేరుచేసి, ఇది ఫలానా ఆంటీవాళ్లది, ఇది పాస్టరమ్మది అని పందెం కాసేవాడు. మొదట్లో నాకు ఏడుపొచ్చేది, తరువాత నేనూ ఆ పందెంలో కూర్చున్నాను.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ గుడికి 2024 క్రిస్మస్‌తో నూరేళ్లు నిండాయి. ఆ రోజు ఆయన మంచం మీదే ఉన్నారు, గుడి ఫొటోలను ఫోన్‌లోనే చూశాం. ఆయన నడిస్తే వచ్చే క్రిస్మస్‌కు ఇద్దరం ఆ మెట్లు ఎక్కుతామని, తిన్న బియ్యానికి బదులు బియ్యమే తెచ్చి అర్పిస్తామని నేను ఆ పూటే మొక్కుకున్నాను. మా సంఘంలో మొక్కు అన్న మాట పెద్దలకు నచ్చదు, తీర్మానం అనమంటారు. నా నోటికి మాత్రం మొక్కు అనే వస్తుంది. జూన్‌లో ఆయన మళ్లీ ఆటో ఎక్కారు. ఆ రోజునుంచి పూటకొక పిడికెడు చొప్పున తీసిపెట్టగా, డిసెంబరు నాటికి పదిహేను కిలోల సంచి నిండింది.

మెదక్ అని మొక్కుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా నానమ్మ తాత ఆ గుడికి రాళ్లు మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కరువు వచ్చి, గింజ లేక జనం అల్లాడుతున్నప్పుడు, వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర వాళ్లకు ఊరికే దానం చేయకుండా, గుడి కట్టించే పని పెట్టి, ఆ పనికి తిండి పెట్టిన సంగతి అందరికీ తెలిసినదే. పదేళ్లు సాగింది ఆ పని. ఆ తాతకు సాయంత్రానికి తవ్వెడు జొన్నలు దొరికేవని నానమ్మ చెప్పేది. ఆయన జొన్నల కోసం వెళ్లాడే తప్ప దేవుని వాక్యం కోసం కాదని కూడా ఆమే నవ్వుతూ చెప్పేది. గింజల కోసం మతంలో కలిసినవాళ్లు అన్న ఎత్తిపొడుపు మా ఇంటికి అప్పటినుంచీ ఉంది. బడిలో నేనూ పడ్డాను. సంచిని కొంగుతో కప్పింది బహుశా ఆ మాటకు భయపడే. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే, అవును, ఆకలైనప్పుడు పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లాం అని చెప్పగలను.

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం జూబ్లీ బస్టాండులో బస్సు ఎక్కాం. నర్సాపూర్ అడవి దాటేసరికే చీకటి పడింది. మెదక్ చేరువలో వాహనాలు కదలక, డ్రైవరు అందరినీ దింపేశాడు. అక్కడినుంచి నడక. నెత్తిన బియ్యం సంచితో నేను, చేతికర్రతో ఆయన. భక్తికి వచ్చినవాళ్ల కంటే రంగులరాట్నానికి వచ్చినవాళ్లే ఎక్కువున్నట్టు అనిపించింది. రోడ్డుకు రెండు వైపులా మిర్చిబజ్జీల బండ్లు, చెవులు చిల్లులుపడే బూరలు, మనుషుల మధ్యనుంచి హారన్ కొడుతూ దూసుకుపోయే బైకులు. దూరాన దీపాల వెలుగులో 175 అడుగుల గోపురం కనిపిస్తూనే ఉంది, ఎంత నడిచినా దగ్గరకు రాలేదు.

సగం దారిలో ఆయన ఆగిపోయారు. ఆ కాలుతో నేల మీద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. బండ్లు నిలిపిన ఒక పొలం గట్టున నిలబడి దిక్కులు చూస్తుంటే, ట్రాలీ ఆటోలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒక ముసలావిడ కేకేసింది. “గా కాలుకేమైంది కొడుకా? గట్లనే నిలబడితే తెల్లారుతదా?” ఆ వెంటనే లోపల పడుకున్న మనవళ్లను ఒక్కొక్కరినీ తట్టి లేపి కిందికి దింపింది. మేము వద్దంటున్నా వినిపించుకోలేదు. ఆయన కాలు చాపుకునేలా గడ్డి సర్ది, తన దుప్పటే మడిచి మోకాలి కింద పెట్టింది. పిల్లలు సణుక్కుంటూ తాటిపత్రి మీద ముడుచుకున్నారు. ఆమె నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు ఉంది. మీరు క్రైస్తవులా అవ్వా అని అడిగాను. “ఏం కిరస్తానం బిడ్డా. శివరాత్రికి ఏడుపాయల దుర్గమ్మ కాడికి పోతం, క్రిస్మస్‌కు ఈ ఏసయ్య కాడికొస్తం. గీ చిన్న పోరి ఈడ మొక్కితెనే పుట్టింది” అంది. ఆ చలిలో రాత్రంతా ఆమె గట్టు మీద కూర్చునే ఉంది, మధ్యమధ్య పాటలు వినిపించినప్పుడు తల ఊపుతూ.

తెల్లవారుజామున మొదటి ఆరాధనకు మేము లోపలికి వెళ్లలేకపోయాం. లోపల అయిదు వేల మంది పడతారంటారు, బయట దానికి ఎన్నో రెట్ల జనం. ప్రసంగం మైకులోనే విన్నాం, అదీ పక్కన ఎవరో సెల్ఫీల కోసం అరుస్తుంటే సగమే వినిపించింది. ఎండ వచ్చాక వరుసలో చొరబడ్డాం. మెట్ల దగ్గర ఆయన ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి కర్ర మీద వేసి, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. నేను లెక్కపెడదామనుకున్నాను, వెనకనుంచి తోస్తుంటే లెక్క తప్పింది. సంచి చూసి వాలంటీరు పిల్లవాడు లోపలికి సామాన్లు తేవద్దన్నాడు. మొక్కు బియ్యం బాబూ అంటే జాలిగా చూశాడే గాని, పెట్టడానికి చోటు తనకూ తెలియదన్నాడు. సంచి గుమ్మం పక్కనే ఉండిపోయింది. మనసు చివుక్కుమంది.

లోపల మేమున్నది పది నిమిషాలకు మించదు. బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీలో యేసు ఆరోహణం, అటూ ఇటూ కిటికీల్లో జననం, సిలువ. ఆ రంగుటద్దాలు ఎండ ఉన్నప్పుడే కనిపిస్తాయని, దీపాలు పెట్టినా వెలగవని తెలుసు గాని, అప్పటివరకు చూడలేదు. తోపులాటలో ఒకచోట తల ఎత్తగానే జననం కిటికీ మీద ఎండ పడింది. ఆ నీలం, ఎరుపు ఎదురుగా ఉన్న మనుషుల భుజాల మీదికి, ఒక బట్టతల మీదికి, మా ఆయన చేతికర్ర మీదికి జారింది. తల్లి ముఖం సరిగా చూడలేదు, ఒడిలో బిడ్డను మాత్రం చూశాను. ప్రార్థన ఏమీ నోటికి రాలేదు. “నడవండి, నడవండి” అని వెనకనుంచి కేక, అంతలోనే బయట పడ్డాం. కానుక పెట్టెలో వేయాల్సిన నోటు నా చేతిలోనే నలిగి ఉంది. గుమ్మం దగ్గర మళ్లీ వెనక్కి వెళ్లి వేశాను. వంగి సంచి ఎత్తుకుంటుంటేనే పక్కన ఎవరి చేతిలోనో కొవ్వొత్తి ఒరిగి కొంగు మీద పడింది.

పొలానికి వచ్చేసరికి అవ్వ మూడు రాళ్ల మీద పెద్ద గిన్నె పెట్టి అన్నం వండుతోంది. పన్నెండు మందికి తెచ్చిన బియ్యం, ఇప్పుడు మేమిద్దరం. చాలదని గొణుగుతూ కోడళ్లను కసురుతోంది. నేను సంచి మూతి విప్పి, సోలెడు తీసి, కడిగి గిన్నెలో పోశాను. మొక్కు బియ్యం అని చెబితే మొదట వద్దంది, తరువాత గరిటె నా చేతికిచ్చింది. మిగిలినదంతా మా సంఘానికే తిరిగి తీసుకెళ్దామని ఆయన అన్నారు. ఆదివారం స్త్రీల మైత్రికి అప్పగించాను.

అన్నం వడ్డించాక అవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది. “మాయి ముందే ఉడుకుతుండె, నడుమ నీయి పోస్తివి. సగం ముద్దైంది, సగం ఉడకనే లేదు బిడ్డా.” మా ఆయన ఆటో అంచున కాలు చాపుకుని కూర్చుని, నావైపు చూసి, ఇంకాస్త పెట్టమని కంచం ముందుకు జరిపారు.